కబురు మోసే పరుగు
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 2 సమూయేలు 18:19-33

మీరు ఏ ఊరిలో ఉన్నా, ఏ స్థితిలో ఉన్నా, కొద్ది నిమిషములు నాతో కలిసి వాక్యమును ధ్యానించవలెనని ప్రేమతో కోరుచున్నాను. మీ దగ్గర బైబిలు ఉంటే రెండవ సమూయేలు గ్రంథము 18వ అధ్యాయము తీసి పెట్టుకోండి. అక్కడికి వస్తాము.

ముందుగా ఒక సంగతి. ప్రతి సంవత్సరము ఆగస్టు చివరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున, మన చిక్కడపల్లి, అశోక్ నగర్ వీధులు ఇంకా నిద్ర లేవకముందే, దగ్గరలోనే ఉన్న నెక్లెస్ రోడ్డు మీద వేలమంది గుమికూడుతారు. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ పరుగు అది. పూర్తి మారథాన్ దూరము 42.195 కిలోమీటర్లు. హుస్సేన్ సాగర్ ఒడ్డున బయలుదేరినవారు ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం చేరాలి. వానాకాలపు ఉక్కలో అది చిన్న పని కాదు. అంత దూరం వద్దనుకున్నవారికి సగం మారథాన్ ఉంది, పది కిలోమీటర్ల పరుగు ఉంది.

ఇలాంటి పరుగులలో పతకము కోసం వచ్చేవారున్నారు, ఆరోగ్యము కోసం వచ్చేవారున్నారు. మరికొందరు మరొకరి కోసం పరుగెత్తుతారు. "నేను ఇన్ని కిలోమీటర్లు పరుగెత్తుతాను, మీరు కిలోమీటరుకు ఇంత చొప్పున ఇవ్వండి, ఆ డబ్బు ఫలానా సేవకు పోతుంది" అని తెలిసినవారి దగ్గర చందా అడుగుతారు. ఈ రోజు నేను మాట్లాడదలచినది అలాంటి పరుగును గురించే. అందునా హాస్పిస్ సేవ కోసం పరుగెత్తేవారిని గురించి.

హాస్పిస్ అనే మాట మనలో చాలామందికి కొత్త. తెలిసినవారు కూడా ఆ మాటను గొంతు తగ్గించి పలుకుతారు. ఇక రోగము నయము కాదని వైద్యులు తేల్చినప్పుడు, రోగిని వదిలిపెట్టకుండా చివరివరకు కనిపెట్టుకొని ఉండే చోటు హాస్పిస్. అక్కడ నొప్పి తగ్గిస్తారు, ఆయాసము తగ్గిస్తారు, పుండ్లు కడుగుతారు, భయపడేవారి ప్రక్కన కూర్చుంటారు. ఆ పేరు కూడా పాతదే. పూర్వము ఐరోపాలో యాత్రికులకు, దారిలో జబ్బుపడినవారికి ఆశ్రయమిచ్చిన సత్రములను ఆ పేరుతో పిలిచేవారు. మంచి సమరయుడు గాయపడినవానిని తీసుకొనిపోయిన పూటకూళ్ల ఇల్లు మీకు జ్ఞాపకమున్నది గదా? హాస్పిస్ అంటే అలాంటి ఇల్లు.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. దావీదు కుమారుడైన అబ్షాలోము తండ్రి మీద తిరుగబడ్డాడు. యుద్ధము జరిగింది. అబ్షాలోము చనిపోయాడు. దావీదు పట్టణపు గుమ్మము దగ్గర కూర్చుని కబురు కోసం ఎదురుచూస్తున్నాడు. యుద్ధభూమిలో సాదోకు కుమారుడైన అహిమయస్సు అనే యౌవనుడున్నాడు. వానికి పరుగెత్తాలని మహా ఆశ. యోవాబు అతనిని ఆపి, చనిపోయినవాడు రాజు కుమారుడు, ఈ రోజు కబురు మోయవద్దు అని స్పష్టముగా చెప్పి, ఒక కూషీయుని పంపాడు. అయినా అహిమయస్సు ఊరుకోలేదు. ఏమైనా సరే నేనూ పరుగెత్తుతానని మళ్లీ మళ్లీ బతిమాలాడు. చివరకు అనుమతి దొరికింది. మైదానపు దారి పట్టాడు. కూషీయుని దాటిపోయాడు. ముందుగా చేరాడు.

అప్పుడేమి జరిగిందో గమనించండి. రాజు అడిగినది యుద్ధము సంగతి కాదు. తన బిడ్డ క్షేమమేనా అని అడిగాడు. అహిమయస్సుకు జవాబు తెలుసు. యోవాబు నోట విన్నాడు. కాని రాజు ముఖము చూసేసరికి నోరు పెగలలేదు. ఏదో పెద్ద గందరగోళము కనబడింది గాని సంగతేమిటో తెలియలేదన్నాడు. రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువమన్నాడు. అంత వేగముగా పరుగెత్తినవాడు ప్రక్కన నిలబడిపోయాడు. ఆలస్యముగా వచ్చిన కూషీయుడు మాత్రము మర్యాద తప్పకుండా, రాజుకు అర్థమయ్యేలా నిజము చెప్పాడు.

ప్రియులారా, ఈ భాగములో నుండి మూడు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది. పరుగుకు కబురు ఉండాలి.

అహిమయస్సు చెడ్డవాడు కాడు. రాజును ప్రేమించినవాడే. ఆ ప్రేమ వల్లనే నిజము చెప్పలేకపోయాడు. మన ఇండ్లలో జరుగుచున్నది ఇదే కాదా? ఇంట్లో ఒకరికి క్యాన్సరు ముదిరింది. డాక్టరు కొడుకును బయటకు పిలిచి చెప్పాడు. కొడుకు లోపలికి వచ్చి "ఏం లేదమ్మా, తగ్గిపోతుందన్నారు" అంటాడు. కోడలు అదే మాట. చుట్టాలు అదే మాట. చివరకు పాస్టరు వచ్చి అదే మాట అంటాడు. అందరూ పరుగెత్తుచున్నారు. ఒక ఆసుపత్రి నుండి మరో ఆసుపత్రికి, ఒక స్వస్థత కూటము నుండి మరో కూటమునకు. మంచము మీదనున్న మనిషి అడిగే ప్రశ్నకు మాత్రము ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా సంఘములో ఒక తల్లి ఉండేవారు. ఆమె ఇంటికి ప్రార్థనకు వెళ్లిన ఒక సాయంకాలము, ఇంట్లోవారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే, ఆమె మెల్లగా నాతో అన్నారు: "అయ్యగారూ, నా పేరు స్వస్థత ప్రార్థనల పట్టికలో ఉంది గదా, ఉండనివ్వండి. దానితోపాటు నేను పోవడానికి సిద్ధపడే ప్రార్థన ఒకటి చేస్తారా? మా పిల్లలు వింటే బాధపడతారని వాళ్లు లేనప్పుడు అడుగుతున్నాను." ఆమెకు అంతా తెలుసు. తనకు తెలుసన్న సంగతి పిల్లలకు తెలియకుండా ఆమే వారిని కాపాడుతున్నారు. ఒకే గదిలో అందరూ ఒకరి దగ్గర మరొకరు దాస్తున్నారు. ఆ రాత్రి పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడాము. ఏడ్చారు. ఆ తరువాత ఆ ఇంట్లో జరిగినవి చూడవలసినవి. ఎవరికి ఎంత ఇవ్వాలో, చీటీ డబ్బు ఎవరి దగ్గర ఉన్నదో ఆమె చెప్పారు. పదేళ్లుగా మాటలు లేని తమ్ముని పిలిపించారు. మనవరాలి తల మీద చెయ్యి వేసి దీవించారు.

నేను స్వస్థత ప్రార్థనకు వ్యతిరేకిని కాను. దేవుడు బాగుచేయగలడని నమ్ముతాను, చేతులుంచి ప్రార్థిస్తాను. కాని ఒకటి గుర్తుంచుకోండి. ప్రభువు లేపిన లాజరు కూడా మరొకసారి సమాధికి వెళ్లినవాడే. మరణమును విశ్వాసలోపముగా లెక్కించే సంఘములో, చనిపోవుచున్న విశ్వాసి రెండుసార్లు బాధపడతాడు. ఒకసారి రోగముతో, మరొకసారి తన విశ్వాసము చాలలేదేమోనన్న అపరాధ భావముతో. ఆ రెండవ భారము దేవుడు పెట్టినది కాదు. మనము పెట్టినది. దానిని మనమే దించాలి.

రెండవది. ఈ పరుగుకు లెక్క ఉండాలి.

"అయ్యగారూ, సేవకు డబ్బు ఇవ్వాలంటే నేరుగా ఇవ్వవచ్చు గదా, ఆదివారం పూట పరుగెత్తడమెందుకు?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. తప్పక నేరుగా ఇవ్వండి. ఎవరూ కాదనరు. అయితే ఇలా ఆలోచించండి. మీరు కవరులో పెట్టి ఇస్తే ఇద్దరికి తెలుస్తుంది. మీరు పరుగెత్తుతానని ఇరవైమందిని అడిగితే, ఆ ఇరవైమందీ "హాస్పిస్ అంటే ఏమిటి?" అని అడుగుతారు. మూసిన నోళ్లు తెరుచుకుంటాయి. ఆ ఇరవైమందిలో ఇంట్లో రోగిని పెట్టుకొని ఎవరికీ చెప్పుకోలేనివారు ఒకరైనా ఉంటారు. ఆదివారము సంగతి అంటారా, విశ్రాంతి దినమున చెయ్యి ఎండిపోయినవానిని బాగుచేసిన ప్రభువు మనకున్నాడు. ఉదయము పరుగెత్తినవారు సాయంకాల ఆరాధనకు రండి. కాళ్లు నొప్పిగా ఉంటే కూర్చునే పాడండి.

మేము అనుకున్న ఆ తల్లికి అక్క కొడుకు ఒకడున్నాడు. అశోక్ నగర్ హాస్టలులో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రవాడు. పొద్దున్న ఇందిరా పార్కు చుట్టూ, తరువాత ట్యాంక్ బండ్ మీద సాధన చేసి సగం మారథాన్ పరుగెత్తాడు. అంటే 21 కిలోమీటర్ల చిల్లర. వాడి స్నేహితులు చేతిలో డబ్బు లేని కుర్రవాళ్లు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో ప్రక్క ప్రక్కన కూర్చుని చదువుకునేవాళ్లు. కిలోమీటరుకు రూపాయి ఇచ్చినవాడున్నాడు, రెండు రూపాయలిచ్చినవాడున్నాడు. వాడు ఒక నోటుపుస్తకములో ప్రతి పేరు, ప్రతి రూపాయి వ్రాసి, రసీదు తెచ్చి అందరికీ చూపించాడు. ఆ పుస్తకము నాకు పెద్ద ప్రసంగము.

ఎందుకంటే మంచి సమరయుడు కూడా లెక్క తెలిసినవాడే. గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. జాలి అతనిని గాడిద దింపింది. డబ్బు ఆ మనిషిని మరుసటి రోజు కూడా బ్రతికించింది. రెండూ కావాలి.

ఈ సేవలో డబ్బు దేనికి పోతుందో తెలుసుకోండి. నర్సుల జీతాలకు, ఇండ్లకు వెళ్లే వాహనమునకు, గాజుగుడ్డకు, డైపర్లకు, మందులకు. క్యాన్సరు పుండు వాసన వేస్తే చుట్టాలు గదిలోకి రారు. ఆ పుండును శుభ్రము చేసి మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లితే వాసన తగ్గుతుంది. వాసన తగ్గితే మనవడు వచ్చి మంచము మీద కూర్చుంటాడు. చవకైన మాత్ర ఒక కుటుంబమును మళ్లీ ఒకచోట చేరుస్తుంది.

నొప్పికి మార్ఫిన్ ఉంది. నోటితో తీసుకునే మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. కాని 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టము వలన ఆసుపత్రులు దానిని తెచ్చి ఉంచుకోవడమే కష్టమైపోయింది. 2014లో ఆ చట్టమును సవరించి వీలు కల్పించారు. ఇంకా మనలో భయము పోలేదు. మార్ఫిన్ ఇస్తే ప్రాణము తీసినట్టేనని కొందరు, అలవాటు పడిపోతారని కొందరు అంటారు. తెలిసిన డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ ప్రాణము తీయదు, నొప్పిని తీస్తుంది. నొప్పి భరించడమే భక్తి అనుకునేవారు సామెతల గ్రంథము చివరి అధ్యాయము చదవండి. ప్రాణము పోవుచున్నవానికి బాధ మరచిపోయేలా త్రాగడానికి ఇవ్వమని ఒక తల్లి తన కుమారుడైన రాజుకు నేర్పినది అక్కడ వ్రాయబడియున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఏటా 5 కోట్ల 68 లక్షలమందికి ఇలాంటి ఉపశమన సేవ అవసరము. అందులో అందుతున్నది సుమారు 14 శాతము మందికే. అంటే నూటికి ఎనభై ఆరుగురు గుమ్మము బయటనే ఉన్నారు.

మూడవది. పరుగు ముగిసిన తరువాత నిలిచి ఉండేవారు కావాలి.

కూషీయుడు నిజము చెప్పాడు. ఆ తరువాత? దావీదు గుమ్మము పైనున్న గదికి ఎక్కి వెళ్లి, కుమారుని పేరు పిలుస్తూ ఏడ్చాడు. ఆ మేడ గదిలో రాజు ప్రక్కన కూర్చున్నవారి పేరు ఒక్కటి కూడా గ్రంథములో లేదు. వచ్చినవాడు యోవాబు. ఓదార్చడానికి కాదు, మందలించడానికి వచ్చాడు. నిజము చెప్పి వెళ్లిపోవడము సగము పని మాత్రమే. "ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్లండి" అన్న మాట నిజమే కావచ్చు. ఇంటికి తీసుకువెళ్లాక రాత్రి రెండు గంటలకు ఆయాసము వస్తే ఎవరిని పిలవాలి? ఆ మేడ గదిలో కూర్చోవడానికే హాస్పిస్ ఉన్నది.

సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ సోదరి ఇంగ్లండులో మొదట నర్సుగా, తరువాత ఆసుపత్రి సాంఘిక సేవకురాలిగా, ఆ తరువాత డాక్టరుగా పనిచేసి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచింది. చనిపోవుచున్నవారి నొప్పి శరీరములో మాత్రమే ఉండదని, మనస్సులో, కుటుంబములో, ఆత్మలో కూడా ఉంటుందని, నాలుగింటినీ కలిపి చూడాలని ఆమె నేర్పింది. 2005లో తాను స్థాపించిన ఆ ఇంటిలోనే ఆమె కన్నుమూసింది. మన దేశములో 1986లో ముంబయిలో శాంతి అవేదన ఆశ్రమముతో ఈ సేవ మొదలైంది. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు, ఆయన తోటివారు ప్రారంభించిన పని కేరళ అంతటా వ్యాపించింది. మన నగరములో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ గారు ఈ సేవను నిలబెట్టారు. 2011లో రోటరీ సభ్యుల చొరవతో బంజారాహిల్స్‌లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో ఉన్నది. రోగుల దగ్గర డబ్బు తీసుకోదు. గమనించారా, మారథాన్ ముగిసే గచ్చిబౌలి స్టేడియముకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే. వేలమంది చప్పట్ల మధ్య ఒక పరుగు ముగిసే చోటికి దగ్గరలోనే, చప్పట్లు లేకుండా మరికొందరి పరుగు ముగుస్తున్నది.

మారథాన్‌లో పేసర్ అనే మనిషి ఉంటాడు. చేతిలో చిన్న జెండా పట్టుకొని సమానమైన వేగముతో పరుగెత్తుతాడు. అతడు గెలవడానికి రాలేదు. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న శక్తి అయిపోయి, కాళ్లు రాళ్లయినప్పుడు, ప్రక్కనున్నవారు ఆ జెండాను చూసి అడుగు వేస్తారు. హాస్పిస్ నర్సు చేసేది ఇదే. ఆ పరుగును రోగికి బదులుగా ఎవరూ పరుగెత్తలేరు. ప్రక్కన పరుగెత్తగలరు.

మరి పరుగు మధ్యలో ఆగిపోతే? 1980లో కెనడా దేశములో టెర్రీ ఫాక్స్ అనే 21 ఏండ్ల యువకుడు, క్యాన్సరు వలన ఒక కాలు కోల్పోయినవాడు, కృత్రిమ కాలితో దేశమంతా పరుగెత్తి క్యాన్సరు పరిశోధనకు డబ్బు కూర్చాలని బయలుదేరాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకడముతో ఆగిపోయాడు. మరుసటి సంవత్సరము కన్నుమూశాడు. గమ్యము చేరలేదు. కాని ఆయన మోసిన కబురు చేరింది. ఆయన పేరున నేటికీ అనేక దేశాలలో పరుగులు జరుగుచున్నవి. అహిమయస్సు గమ్యము చేరాడు, కబురు చేరలేదు. ఈ ఇద్దరినీ ప్రక్క ప్రక్కన నిలబెట్టి చూడండి.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము మన జీవితమును ఓపికతో పరుగెత్తవలసిన పందెముతో పోల్చుచున్నది. అక్కడ మన ముందున్న యేసుప్రభువు సిలువను సహించినవాడని చెప్పబడినది. ఆయన సిలువ మీద ఉన్నప్పుడు శిష్యులలో అనేకులు పారిపోయారు. ఆయన తల్లి, మరికొందరు స్త్రీలు, ప్రేమించిన శిష్యుడు మాత్రము దగ్గర నిలిచియున్నారు. వారు ఆయనను క్రిందికి దింపలేకపోయారు. మేకులు ఊడదీయలేకపోయారు. నిలబడ్డారు. ఆ నిలబడడము యోహాను సువార్తలో వ్రాయబడినది. నయము చేయలేనిచోట కూడా చేయవలసిన పని ఒకటి ఉన్నదని వారు మనకు నేర్పుచున్నారు.

ప్రియులారా, ఈ వారము మూడు పనులు చేయండి. మీ వీధిలో, మీ సంఘములో మంచము పట్టిన ఒకరి దగ్గరకు వెళ్లండి. సలహా ఇవ్వకండి. "మీకేమి చెప్పాలని ఉంది?" అని అడిగి వినండి. రెండవది, నొప్పితో ఉన్నవారుంటే, పాలియేటివ్ కేర్ అనే సేవ ఉన్నదని వారి కుటుంబానికి చెప్పి, దగ్గరుండి తీసుకువెళ్లండి. చివరి రోజులదాకా ఆగకండి. ఎంత ముందుగా వెళితే అంత మేలు. మూడవది, పరుగెత్తగల యౌవనులారా, పరుగెత్తండి. డాక్టరుకు చూపించుకొని, నాలుగైదు నెలలు సాధన చేసి, అప్పుడు దిగండి. టీషర్టులకు, ఫోటోలకు ఖర్చుపెట్టి రోగికి చిల్లర మిగిల్చే పరుగు వద్దు. ఎంత వచ్చింది, ఎక్కడికి చేరింది అన్నది సంఘము ముందు చదివి వినిపించండి. పరుగెత్తలేని పెద్దలు కిలోమీటరుకు రూపాయి చొప్పున ఇవ్వండి. అది చాలదనుకోకండి.

ఒకవేళ ఈ మాటలు చదువుచున్న మీరే ఆ మంచము మీద ఉన్నవారైతే, ఒక్క మాట. మీ విశ్వాసము ఓడిపోలేదు. దేవుడు మిమ్మును విడిచిపెట్టలేదు. మీకు నొప్పిగా ఉంటే చెప్పండి. భయముగా ఉంటే చెప్పండి. మీరు అడగాలనుకున్న ప్రార్థన అడగండి.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి నొప్పితో నిద్రపట్టనివారిని జ్ఞాపకము చేసుకొనుము. వారి ప్రక్కన మేల్కొని ఉన్న భార్యకు, భర్తకు, బిడ్డకు, నర్సుకు బలము దయచేయుము. నిజమును ప్రేమతో చెప్పే నోటిని, చెప్పిన తరువాత వెళ్లిపోని కాళ్లను మాకు అనుగ్రహించుము. పరుగెత్తే మా బిడ్డలను దారిలో కాపాడుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.